మిణుగురు ఎగిరి ఉంటే...
(వ్యాకరణ పాఠం: చేదర్థకం)



‘వాన పడితే ఆట ఆగుతుంది.’ ఇందులో ‘పడితే’ చేదర్థకం. ఒక పని మరో పని మీద ఆధారపడి ఉందని అది చెబుతుంది. వాన పడవచ్చు, పడకపోవచ్చు. కానీ ‘నిన్న వాన పడి ఉంటే ఆట ఆగిపోయేది’ అన్నామంటే వాన పడలేదు, ఆట ఆగలేదు. జరగనిదాన్ని ఊహిస్తున్నాం. ఇలాంటి వాక్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? చరిత్రలోని ఒక ఉదాహరణతో చూద్దాం.

1981లో పశ్చిమ జర్మనీలోని ఎంబీబీ అనే సంస్థ రాడార్‌కు చిక్కని విమానానికి రహస్యంగా రూపకల్పన మొదలుపెట్టింది. దాని పేరు ‘లాంపిరిడే’. జీవశాస్త్రంలో అది మిణుగురు పురుగుల కుటుంబం పేరు.

రాడార్ పంపిన తరంగాలు విమానానికి తగిలి తిరిగి వస్తేనే అది అక్కడ ఉందని తెలుస్తుంది. చీకటి గదిలో అద్దం మీద టార్చి వేసి చూడండి. అద్దం నేరుగా ఉంటే వెలుగు మీ కళ్లలో పడుతుంది. కాస్త వంచితే పక్క గోడ మీదకు పోతుంది. అందుకే ఆ విమానాన్ని గుండ్రటి వంపులతో కాక, చెక్కిన వజ్రంలా చదునైన పలకలతో తీర్చారు.

అమెరికాలో లాక్‌హీడ్ సంస్థ కూడా ఇదే ఉపాయంతో ఎఫ్-117ను తయారుచేసి, 1981 జూన్ 18న ఎగురవేసింది. 1988 నవంబరు దాకా దాన్ని బయటపెట్టలేదు. జర్మన్లు తమంతట తామే ఆలోచించి అదే దారికి వచ్చారు. అసలు కొలతలో నాలుగింట మూడు వంతుల నమూనా చేసి, గాలి సొరంగంలో పరీక్షించారు. 1987లో అమెరికా అధికారులకు చూపించారు. ఆ ఏడాదే పథకం ఆగిపోయింది. 1995లో గానీ సంగతి లోకానికి తెలియలేదు.

పథకం పూర్తయి ఉంటే?

1. ‘జర్మనీకి అలాంటి సొంత విమానం ఉండేది.’ ఈ మాటకు ఇబ్బంది లేదు. కారణం పక్కనే ఫలితం ఉంది.

2. ‘2022లో అమెరికా నుంచి 35 ఎఫ్-35 విమానాలు కొనాలని జర్మనీ నిర్ణయించేది కాదేమో.’ ఇక్కడ ‘ఏమో’ తప్పనిసరి. మధ్యలో 35 ఏళ్లు గడిచాయి. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. బ్రిటన్, ఇటలీ, స్పెయిన్‌లతో కలిసి తయారుచేసిన యూరోఫైటర్ 1994లో ఎగిరింది.

3. ‘జర్మనీని ఎవరూ ఓడించలేకపోయేవారు.’ ఇది ఊహ కాదు, కోరిక. రాడార్‌కు చిక్కదనుకున్న ఎఫ్-117నే 1999లో సెర్బియాలో కూల్చివేశారు.

కారణానికి ఫలితం ఎంత దూరమైతే, ‘ఏమో’ అంత అవసరం.

బదిలీల మీద ఊళ్లు మారే మనకు ఇలాంటి వాక్యాలు కొత్త కాదు. ‘నాన్నకు బదిలీ కాకపోయి ఉంటే పాత బడిలోనే ఉండేవాణ్ణి.’ నిజమే. ‘అక్కడే ఉండి ఉంటే ఫస్టు వచ్చేవాణ్ణి.’ దీని చివర ‘ఏమో’ చేర్చండి. ‘పక్క బెంచీ అబ్బాయిని పలకరిస్తే స్నేహం కుదురుతుంది.’ ఇందులోనూ చేదర్థకమే ఉంది. కానీ ఇది గడిచిపోయినది కాదు, మీ చేతిలో ఉన్నది.

అభ్యాసం
1. ‘నమూనాను 1987లో అమెరికా అధికారులకు చూపించారు.’ దీన్ని ‘చూపించకపోయి ఉంటే’ అని మొదలుపెట్టి పూర్తిచేయండి. ‘ఏమో’ కావాలా, వద్దా? కారణం రాయండి.
2. మీ పాత ఊరి గురించి ‘ఉంటే’తో రెండు వాక్యాలు, కొత్త ఊరి గురించి ‘చేస్తే’తో రెండు వాక్యాలు రాయండి.