పోలీసు - పలహారం : ఒక పరిశీలన

అమెరికా సినిమాల్లో పోలీసు కనిపిస్తే చేతిలో లాఠీ ఉన్నా లేకున్నా డోనట్ మాత్రం ఉంటుంది. డోనట్ అంటే మైదాపిండిని నూనెలో వేయించి చక్కెర అద్దిన తియ్యటి వంటకం. ఆకారంలో మన గారెకు తమ్ముడు. రెండింటికీ నడుమ చిల్లు ఒకందుకే: కాగిన నూనె లోపలి అంచును కూడా తాకితే నడుమ పచ్చిగా మిగలదు. 1989లో మొదలైన 'ది సింప్సన్స్' బొమ్మల సీరియల్లోని పోలీసు అధికారి విగ్గం ఈ తిండికి పేరుమోసినవాడు.

కార్యం ఉన్నచోట కారణం ఉండాలి కదా! రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో డోనట్ దుకాణాలు పెరిగాయి. విలియం రోజెన్‌బర్గ్ 'డంకిన్ డోనట్స్' పేరుతో కొట్టు తెరిచింది 1950లో. పొద్దుటి బేరం కోసం రాత్రంతా పిండివంట సాగేది కనుక, ఊరంతా పడుకున్నా ఆ కొట్లలో దీపం వెలిగేది. గస్తీ పోలీసుకు వేడి కాఫీ, కూర్చుని రిపోర్టు రాసుకునే చోటు దొరికేవి. పోలీసు కూర్చున్న కొట్టుకు దొంగ రాడు కనుక యజమానికీ లాభమే. రాత్రి పనిచేసేవాడి ఆకలి ఎట్లుంటదో బావికాడ నీళ్లు కట్టే రైతులకు వేరే చెప్పనక్కర లేదు.

మరి మన సాహిత్యంలో? గురజాడ 'కన్యాశుల్కం'లో హెడ్డు కనిష్టీబు సారా దుకాణంలో కనిపిస్తాడు. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధం పోలీసులకు మామూళ్ల పంటగా మారుతుంది. అక్కడ తీపి, ఇక్కడ మామూలు. రెండూ ఊరికే వచ్చేవే అయినా ఒకదానికి నవ్వు వస్తుంది, ఇంకోదానికి కడుపు మండుతుంది. తేడా తిండిలో లేదు, ఇచ్చేవాడి మనసులో ఉంది. ఇష్టంతో ఇస్తే మర్యాద, భయంతో ఇస్తే మామూలు.

భయం అంటే ఏమిటో మా ప్రాంతానికి తెలుసు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాటి పోలీసుల సంగతి పెద్దలు చెప్తుంటే ఎవరికీ నవ్వు రాదు. నవ్వుకోవాలంటే ముందు భయం పోవాలి.

ఇంకో వైపు కూడా చూడాలి. మా మల్యాల మండలంలోని కొండగట్టుకు హనుమాన్ జయంతికి లక్షల జనం వస్తారు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు ఎండలో, రాత్రిళ్లు నిలబడాల్సిందే. అతనికీ ఆకలి అవుతుంది. బండిమీద చాయ్ అమ్ముకునేవాడికీ ఇల్లు గడవాలి. కాబట్టి బందోబస్తులో ఉన్నవాడికి వేళకు అన్నం పెట్టవలసింది సర్కారు. తాగిన చాయ్‌కి పైసలు ఇయ్యవలసింది కానిస్టేబులు.

ఈ రెండూ జరిగిననాడు మన రచయితలు కూడా గారె తినే పోలీసును సృష్టిస్తారు. చదివి మనమూ నవ్వుతాం, పోలీసులూ నవ్వుతారు.