మోటారు పడవ స్టీరింగు చక్రము బిగుసుకొనినచో ఏమి చేయవలెను?

గోదావరి ధవళేశ్వరమునకు దిగువన గౌతమి, వసిష్ఠ మొదలగు పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఈ పాయల నడుమనున్న లంకలలో కొబ్బరి, అరటి, కూరగాయలు పండించు రైతులకు పడవయే బండి. చిన్న ఫైబరు పడవకు అవుట్‌బోర్డు మోటారు బిగించి, తీరిక దినములలో పిల్లలను, చుట్టములను విహారమునకు త్రిప్పువారును కలరు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరికి పెద్ద వరదలు వచ్చినవి. అట్టి దినములలో విహారపు పడవయే ఇంటిల్లిపాదిని గట్టుకు చేర్చు సాధన మగును. కావున ఆ పడవ ఎల్లప్పుడును చెప్పినట్లు వినునట్లుగా ఉంచుకొనవలెను.

ఇట్టి పడవలలో తరచుగా కనిపించు లోపము స్టీరింగు చక్రము బిగుసుకొనుట. ఇది ఒక్క దినమున వచ్చునది కాదు. మొదట చక్రము కొంచెము బరువుగా తిరుగును. "రెండు చేతులతో త్రిప్పిన తిరుగుచున్నది గదా" యని మనము ఉపేక్షింతుము. నిలకడ నీటిలో దానివలన పెద్ద నష్టము కనిపించదు. కాని ప్రవాహములో కొట్టుకొనివచ్చు దుంగనో, వంతెన స్తంభమునో తప్పించుకొనవలసి వచ్చినప్పుడు క్షణమాత్రము ఆలస్యమైనను ప్రమాదమే. బలవంతముగా త్రిప్పినచో చక్రము వెనుకనున్న పండ్లచక్రములు విరిగి, పడవ ఏటి నడుమ ఏ వైపునకును తిరుగక పోవును.

ఈ ఏర్పాటు పనిచేయు తీరు

చక్రము వెనుక ఒక పండ్లచక్రముల పెట్టె యుండును. దానినుండి లావైన కేబులు ఒకటి పడవ ప్రక్కగా వెనుకకు పోవును. చక్రము త్రిప్పినప్పుడు కేబులు లోపలి తీగ ముందుకు వెనుకకు జరుగును. ఆ తీగ చివర ఒక నున్నని ఉక్కు కడ్డీ యున్నది. మోటారును పైకెత్తునప్పుడు ఏ గొట్టము ఆధారముగా అది లేచునో, ఆ గొట్టములోపలనే ఈ కడ్డీ జరుగుచుండును. కడ్డీ కొనకు ఒక లంకెచువ్వ తగిలించి, దాని రెండవ కొనను మోటారుకు బిగించెదరు. మోటారు తన నిలువు ఇరుసుపై ఇటునటు తిరుగును.

అనగా బిగువు నాలుగు తావులలో పుట్టవచ్చును: మోటారు నిలువు ఇరుసు, కడ్డీ జరుగు గొట్టము, కేబులు, చక్రము వెనుక పెట్టె. వీనిలో గొట్టమునందలి బిగువే ఎక్కువగా కనిపించును. పాత గ్రీజు ఎండి మైనమువలె గట్టిపడును. నీరు చేరి గొట్టము లోపల త్రుప్పు పట్టును. సముద్రపు పోటు నీరు ఎక్కు తావులలో ఉప్పువలన ఈ చెరుపు మరింత త్వరగా కలుగును. పడవను నెలల తరబడి కదల్చక కట్టి వేసినను ఇదే జరుగును.

లోపము కనిపెట్టు విధము

చక్రము బిగుసుకొనగానే క్రొత్త కేబులు కొనుటకు పరుగెత్తరాదు. ముందు లోపమెక్కడనో తెలిసికొనవలెను. పడవను గట్టున నిలిపి లేక రెండు వైపుల త్రాళ్లతో కట్టి, ఇంజను ఆపి, అది పొరపాటున కదలకుండ ఆపుడు త్రాటి బిళ్లను ఊడదీయవలెను. మోటారును నిలువుగా దింపి ఈ క్రింది పరీక్షలను వరుసగా చేయవలెను.

1. లంకెచువ్వను కడ్డీ కొననుండి విప్పుడు. మోటారును చేతులతో పట్టుకొని ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పుడు. అది కదలక మొరాయించినచో లోపము నిలువు ఇరుసులో నున్నది.

2. మోటారు సులువుగా తిరిగినచో దానిని వదలి చక్రము త్రిప్పుడు. చక్రము సులువుగా తిరిగినచో లంకెచువ్వ కీళ్లను పరీక్షింపుడు. అది ఇంకను బరువుగానే యున్నచో లోపము గొట్టములో గాని, కేబులులో గాని, పెట్టెలో గాని కలదు.

3. గొట్టము కొననున్న పెద్ద నట్టును విప్పి, కడ్డీని గొట్టమునుండి పూర్తిగా బయటికి లాగుడు. ఇప్పుడు చక్రము తేలికగా తిరిగినచో గొట్టమే దోషి.

4. అప్పటికిని తేలిక కానిచో కేబులును పెట్టెనుండి వేరు చేయుడు. వట్టి చక్రము సులువుగా తిరిగిన కేబులు చెడినట్లు. తిరుగకున్న పెట్టె చెడినట్లు.

చక్రముగాక చేతిపిడితో త్రిప్పు మోటారులలో బిగువు సవరించు మీట యొకటి యుండును. అది ఎక్కువ బిగిసి యున్నదేమో మొట్టమొదట చూడవలెను.

సవరించు విధము

*నిలువు ఇరుసు:* గ్రీజు నిపిలులను పేలికతో శుభ్రపరచి గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కించవలెను. ఎక్కించుచు మోటారును ఇటునటు త్రిప్పుచుండవలెను. నల్లని పాత గ్రీజు పోయి క్రొత్త గ్రీజు కనిపించువరకు ఆపరాదు. నిపిలు మూసికొనిపోయిన దానిని మార్చవలెను. అప్పటికిని గ్రీజు ఎక్కనిచో ఇరుసును విప్పుట మెకానిక్కు పని.

*గొట్టము:* కడ్డీ పట్టుకొనిపోయి రానిచో గొట్టము రెండు కొనలందును త్రుప్పు వదల్చు నూనె పోసి ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు కడ్డీ కొనకు కొయ్యదిమ్మ ఆనించి సుత్తితో మెల్లగా కొట్టుచు కదల్పవలెను. ఇనుప సుత్తితో నేరుగా కొట్టినచో కొన చిట్లి తిరిగి గొట్టములో దూరదు. పెట్రోలు దాపుననే యుండును కనుక మంటతో వేడిచేయుట ఎంతమాత్రము కూడదు. కడ్డీ వెలువడిన పిదప గొట్టము లోపల గుండ్రని తీగ బ్రష్షుతో తోమి, కిరసనాయిలులో తడిపిన పేలికతో తుడిచి, ఆరబెట్టవలెను. కడ్డీని సన్నని ఎమరీ కాగితముతో మెరుగుపెట్టవచ్చును. అది వంగి యున్నచో కేబులు మార్చుటయే శరణ్యము. తరువాత కడ్డీకి నీటికి కొట్టుకొనిపోని మెరైన్ గ్రీజు పలుచగా పూసి ఎక్కించవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. గొట్టమునకు నిపిలు ఉన్నచో కడ్డీ పూర్తిగా లోనికి ముడుచుకొని యున్నప్పుడే గ్రీజు ఎక్కించవలెను. కడ్డీ చాచి యున్నప్పుడు గ్రీజు నింపినచో అది పోవుటకు తావులేక కడ్డీకి అడ్డుపడి చక్రమును బంధించును.

*కేబులు:* లోపల త్రుప్పు పట్టిన కేబులును బాగుచేయుట సాధ్యము కాదు. లోపల నూనె పోసిన నాలుగు దినములు నడచినట్లు తోచి, సమయమునకు మోసగించును. క్రొత్తది కొనవలసినదే. దాని పొడవు సామాన్యముగా పైతొడుగుపై అచ్చువేసి యుండును. చెరిగిపోయినచో తొడుగు పొడవును అంగుళములలో కొలిచి, చక్రము వెనుక గుండ్రని పెట్టె యున్న రకమునకు 18 అంగుళములు, పొడవైన పండ్లకడ్డీ యున్న రకమునకు 30 అంగుళములు కలిపి, పై అడుగునకు సరిచేసికొనవలెను. ఉదాహరణకు, గుండ్రని పెట్టెగల పడవలో తొడుగు 124 అంగుళములున్నచో 18 కలుపగా 142 అంగుళములు. కావున 12 అడుగుల కేబులు కావలెను. కేబులును బిగించునప్పుడు మడత పడనీయరాదు. వంపు వ్యాసార్ధము 8 అంగుళములకు తగ్గరాదు.

*పెట్టె:* పండ్లు అరిగినను విరిగినను పెట్టెను మార్చవలెను.

నూనె ఒత్తిడితో నడచు స్టీరింగునకు పై పద్ధతి వర్తింపదు. దానిలో నూనె మట్టము, కారుటలు చూచి, చేరిన గాలిని తయారీదారు చెప్పిన రీతిని తీసివేయించవలెను.

నడచునప్పుడు మాత్రమే బరువైనచో

ఇంజను ఆగియున్నప్పుడు తేలికగా నుండి, వేగముగా పోవునప్పుడు ఒక వైపునకే లాగుచున్నచో పై భాగములను విప్పనవసరము లేదు. ప్రొపెల్లరుకు పైనున్న పలక అడుగున చిన్న లోహపు రెక్క యొకటి పెక్కు మోటారులకు కలదు. పడవ కుడికి లాగుచున్నచో రెక్క వెనుక కొనను కుడికి, ఎడమకు లాగుచున్నచో ఎడమకు కొద్దిగా జరిపి బిగించి మరల నడిపి చూడవలెను.

తిరిగి బిగించునప్పుడు

విప్పిన వాషర్లు, నట్లు ఉన్న వరుసలోనే అమర్చుడు. లంకెచువ్వకు వాడునవి తమంతట వదులుకాని నైలాను వలయపు నట్లు. పాతబడినవానిని మరల వాడక క్రొత్తవి వేయుడు; సాధారణ నట్టు కుదుపులకు ఊడిపోవును. ఈ ఒక్క నట్టు ఊడినచో మోటారుకు, చక్రమునకు సంబంధము తెగిపోవును. పిమ్మట చక్రమును రెండు కొసలకు త్రిప్పి కేబులుగాని, పెట్రోలు గొట్టముగాని, తీగలుగాని లాగబడుట లేదని చూడుడు. తొలి పరీక్షను నిలకడ నీటిలో, నెమ్మదిగా, రక్షణ జాకెట్టు తొడిగికొని, ఆపుడు త్రాడు తగిలించుకొని చేయవలెను.

ముందు జాగ్రత్తలు

ఉప్పునీటిలో తిరిగిన దినమున మోటారును, కడ్డీని మంచినీటితో కడుగవలెను. మోటారుతో వచ్చిన పుస్తకములో చెప్పిన గడువుల ప్రకారము గ్రీజు పెట్టవలెను. పడవను కట్టివేయునప్పుడు కడ్డీ లోనికి ముడుచుకొని యుండునట్లు చక్రము త్రిప్పి ఉంచవలెను. పడవ వాడుక లేని నెలలలో కూడ వారమునకొకసారి చక్రమును ఈ కొసనుండి ఆ కొసకు త్రిప్పుట మంచిది. ముఖ్యముగా వరదల కాలమునకు ముందు, మే నెలలోనే, పైన చెప్పిన పరీక్షలన్నియు ఒకసారి చేసికొనవలెను. గంటసేపటి ఈ పనికి కావలసినది రెండు స్పానర్లు, కొంచెము గ్రీజు, కాసిని పేలికలు మాత్రమే. ఏరు పొంగిన తరువాత అవి చేతనున్నను ప్రయోజనము లేదు.