తూటా నుండి గుండును వేరుచేయుట

తూటా అను మాట మన పత్రికలలో రెండర్థములలో కానవచ్చును. 'ఎడమ భుజములో తూటా దిగినది' అని వ్రాసినచో అది తుపాకి నుండి వెడలిన గుండు. 'పెట్టెలో ఇరువది తూటాలు దొరికినవి' అనినచో గుండు, మందు, గొట్టము కలిసిన పూర్తి వస్తువు. ఉర్దూ మాట్లాడు సోదరులకు ఈ చిక్కు తక్కువ. వారికి పూర్తి వస్తువు కార్తూసు, వెడలిపోవునది గోలీ. ఈ వ్యాసములో తూటా యనగా కార్తూసు, గుండు యనగా గోలీ అని గ్రహింపవలెను. ఈ భేదము తెలియనిచో ముందు చెప్పబోవు విషయమంతయు గందరగోళమగును.

రైఫిలు తూటాలో నాలుగు భాగములు గలవు. ఇత్తడి గొట్టము, దాని అడుగున కొట్టగనే నిప్పు రాల్చు చిన్న టోపీ, లోపల మందు, మూతివద్ద బిగించిన గుండు. భారత సైన్యమును, పోలీసులును బహుకాలము వాడిన 303 రైఫిలు తూటాను ఉదాహరణముగా గైకొందము. ఏడవ నమూనా తూటాలో గుండు బరువు 174 గ్రెయిన్లు, అనగా 11 గ్రాములకు కొంచెము పైన. మన కంసాలి లెక్కలో సుమారు 90 గురిగింజల ఎత్తు. ఆ గుండును పట్టియుంచునది వేరే మేకు కాదు, జిగురు కాదు. గొట్టపు మెడ రంధ్రము గుండుకంటె వెంట్రుకవాసి ఇరుకుగా నుండుటయే ముఖ్యమైన కట్టు. సైనిక తూటాలలో మాత్రము మెడను లోనికి నొక్కి, తేమ చొరకుండ తారు వంటి పదార్థమును పూయుటయు గలదు.

పూర్వము ఈ ఇత్తడి లేదు. 1857 నాటి ఎన్‌ఫీల్డు తుపాకి తూటా కేవలము కాగితపు పొట్లము. సిపాయి దాని కొనను పంటితో చించి, మందును గొట్టములో పోసి, పిదప గుండును కూరవలెను. ఆ కాగితమునకు పూసిన క్రొవ్వు ఆవుదనియు పందిదనియు పుట్టిన అనుమానము ఎచటికి దారితీసినదో చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. ఏప్రిల్ 24న మీరట్‌లో తూటాలను ముట్ట నిరాకరించిన 85 మంది ఆశ్వికులలో హిందువులును ముస్లిములును ఉండిరి. మే 10న అచ్చట తిరుగుబాటు లేచినది. మన ప్రస్తుత విషయమునకు కావలసినది ఇంతే: ఆనాడు గుండును మందు నుండి విడదీయుటకు రెండు వ్రేళ్లు చాలును. ఇత్తడి తూటా వచ్చిన తరువాత అది ముద్రవేసిన పేటిక వంటిదైనది.

చోడవరము నుండి బుచ్చయ్యపేట మండలములోని వడ్డాది మీదుగా నర్సీపట్నము పోయి, ఆపై మన్యపు దారి పట్టినచో కృష్ణదేవిపేట వచ్చును. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై అల్లూరి సీతారామరాజు దాడిచేసి, మొత్తము 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను స్వాధీనపరచుకొనెను. తుపాకికి నూరు తూటాలైనను రావు. నాటు తుపాకికి మందును, గుండును ఎవరికి వారు సమకూర్చుకొనవచ్చును. ఇత్తడి తూటాకు యంత్రము, టోపీ, కొలత కావలెను. తిరుగుబాటుదారులకు ఆయుధముకంటె తూటాయే కరవు వస్తువగుట ఇందువలననే.

ఆ యంత్రమును ఇంటనే పెట్టుకొని, పేలిన గొట్టమును మరల నింపుకొనువారు అమెరికా వంటి దేశములలో నేటికిని పెక్కుమంది గలరు. చేతితో నింపునపుడు పొరపాటు సంభవించును. త్రాసు ముల్లు జరిగి మందు హెచ్చుగా పడవచ్చును. ఒక రకము మందుకు బదులు మరియొకటి పడవచ్చును. అట్టి తూటాను పేల్చినచో తుపాకియే పగులును. తయారైన తూటాలను తూచి దోషమును పట్టవచ్చునని కొందరు తలంతురు గాని అది నమ్మదగినది కాదు. గొట్టముల బరువులలోనే ఎక్కువ తక్కువలుండును గనుక మందులోని చిన్న భేదము వానిలో మరుగుపడిపోవును. సందేహము కలిగిన తూటాను విప్పుటయే మార్గము.

విప్పుటకు వాడు సాధనము చూపునకు ఆటబొమ్మ వలె నుండును. అది లోపల బోలుగా నుండు ప్లాస్టిక్ సుత్తి. తూటా అడుగు అంచును ఒక బిగింపుతో సుత్తి తలలో వెనుకవైపున పట్టింతురు. గుండు మొన సుత్తి దెబ్బతగులు ముఖమువైపు చూచుచుండును. సుత్తిని గట్టి వస్తువుపై కొట్టగనే సుత్తియు, దానితో కట్టుబడిన గొట్టమును ఆగిపోవును. గుండు మాత్రము తన వేగముతోనే ముందునకు పోజూచును. మూడు నాలుగు దెబ్బలకు గుండు మెడ నుండి జారి, మందుతోసహా సుత్తి కడుపులో పడును. గొడ్డలి వదులైనపుడు మన రైతు కామ అడుగును బండపై ఠపీమని కొట్టును. కామ ఆగును, ఇనుము క్రిందికి దిగి బిగియును. న్యూటను మొదటి నియమము రెండింటను ఒక్కటే. ఒకచోట బిగించును, ఒకచోట విప్పును.

లెక్క వేసి చూతము. సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగముతో వచ్చి, ఒక మిల్లీమీటరు దూరములో ఆగినదనుకొనుడు. వేగపు వర్గమును దూరమునకు రెట్టింపుతో భాగించినచో మాంద్యము సెకను వర్గమునకు 12,500 మీటర్లు. దీనిని 11.3 గ్రాముల గుండు ద్రవ్యరాశితో గుణించినచో సుమారు 141 న్యూటన్లు, అనగా 14 కిలోల బరువు లాగినంత బలము. అదే 3.6 గ్రాముల చిన్న గుండైనచో 45 న్యూటన్లే. తేలిక గుండ్లకు ఎక్కువ దెబ్బలు పట్టుట ఇందువలననే. పరుపుపై కొట్టి, ఆగు దూరము ఒక సెంటీమీటరైనచో బలము పదవ వంతునకు పడిపోవును. కావున మెత్తని చోట ఎంత కొట్టినను ప్రయోజనముండదు. పరీక్షలో అడుగదగిన ప్రశ్న ఇది.

రెండవ పద్ధతిలో గుండునే దవడల వంటి బిగింపుతో పట్టి, మీట సాయముతో గొట్టమును క్రిందికి లాగుదురు. మందు చిందదు, చప్పుడుండదు. పట్టు దొరకని పొట్టి గుండ్లకు, మెత్తని సీసపు గుండ్లకు ఇది పనికిరాదు. పాత తూటాలలో లోహములు ఒకదానికొకటి అంటుకొనిపోయినపుడు, గుండును ముందుగా రవ్వంత లోనికి నొక్కి ఆ పట్టు విడిపించి, పిదప లాగుట వాడుక. .22 వంటి చిన్న తూటాలకు మాత్రము సుత్తిని ఎన్నడును వాడరు. వానికి వేరే టోపీ లేదు. నిప్పు రాల్చు పదార్థము అంచులోనే యుండును. సుత్తి పట్టుకొనునది ఆ అంచునే గదా.

గుండు వెలికివచ్చెను, మందు పారబోసితిమి, ఇక భయము లేదని అనుకొనరాదు. టోపీ గొట్టములో సజీవముగనే యున్నది. నూనెలో నానవేసిన అది చచ్చునన్న మాట నమ్మదగినది కాదు. విప్పిన మందు ఏ రకమో రూఢిగా తెలియనిచో దానిని మరల వాడరు. నేటి పొగలేని మందు బయట అంటించిన భగ్గుమని మండునే గాని, పాత నల్లమందు వలె ప్రేలదు. ఇత్తడిలో మూసియున్నపుడే దానికి ఆ ఉగ్రత వచ్చును.

ఇదంతయు విద్యార్థులకు పుస్తకమున చదువవలసిన విషయమే గాని, చేతపట్టవలసిన పని కాదు. 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాను దగ్గర నుంచుకొనుటయే నేరము, తుపాకి లేకున్నను సరే. చెరువుగట్టునను, అడవిదారిని తుప్పుపట్టిన తూటా దొరికినచో ఇత్తడికి ఆశపడి రాతితో కొట్టి విప్పజూచుట మిక్కిలి ప్రమాదకరము. బయట పేలిన తూటాలో గుండు దూరము పోదు. గొట్టమే చీలి, ఇత్తడి ముక్కలు కన్నులలోనికి ఎగయును. దానిని ముట్టక, ఆ చోటు గురుతుపెట్టుకొని, దగ్గరి పోలీసు స్టేషనుకు తెలుపవలెను.