పిల్లల కేన్సర్ వార్డులో నర్సు: జాలి ఒక్కటీ చాలదు, లెక్క రావాలి

పిల్లల కేన్సర్ వార్డులో రోజు తూకంతో మొదలవుతుంది. కీమోకి వచ్చిన ప్రతి బిడ్డనీ చెప్పులు విప్పించి బరువు చూస్తారు, గోడకి నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. సెంటీమీటర్లలో ఎత్తునీ, కిలోల్లో బరువునీ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే ఒంటి ఉపరితల వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. 120 సెంటీమీటర్ల ఎత్తు, 22 కిలోల బరువు ఉన్న బిడ్డకి అది సుమారు 0.86. విన్‌క్రిస్టిన్ అనే మందు సాధారణంగా చదరపు మీటరుకి 1.5 మిల్లీగ్రాములు. అంటే ఈ బిడ్డకి వెళ్ళాల్సింది దాదాపు 1.3 మిల్లీగ్రాములు. డోసు రాసేది డాక్టరే, కానీ మందు ఎక్కించేది నర్సు. పోయిన నెల బరువు పట్టుకుని లెక్క కట్టారా, దశాంశ బిందువు ఒక స్థానం పక్కకి జరిగిందా అన్నది కనిపెట్టగలిగిన ఆఖరి మనిషి నర్సే. అందుకే పద్ధతిగా నడిచే వార్డుల్లో ఇద్దరు నర్సులు ఎవరి లెక్క వాళ్ళు వేసుకుని, రెండూ కలిశాక ఇద్దరూ సంతకం పెడితే గానీ మందు ఎక్కదు.

నర్సింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు తరచూ అనే మాట ఒకటుంది: "మా అమ్మాయిది జాలిగుండె, పిల్లలంటే ప్రాణం." మంచిదే. అయితే ఈ విభాగానికి ఎవరు పనికొస్తారని నన్నడిగితే, చెప్పిన లెక్కని మళ్ళీ సరిచూసుకోకుండా ఉండలేని మనిషి కావాలంటాను. సీనియర్ డాక్టరు రాసిన కాగితం మీద కూడా "సర్, ఈ డోసు ఒక్కసారి చూస్తారా" అని అడిగే ధైర్యం ఉండాలి. మన ఆసుపత్రుల్లో ఆ మాట నోటి వెంట రావడం అంత తేలిక కాదు. వచ్చేలా అలవాటు చేసుకోవాలి.

ఆ విన్‌క్రిస్టిన్ సంగతే చూడండి. నరంలోకి ఎక్కిస్తే బ్లడ్ కేన్సర్‌ని తగ్గించే మందు. పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం తీస్తుంది. వెన్నులోకి ఇవ్వాల్సిన మెథోట్రెక్సేట్ కూడా అదే బిడ్డకి అదే వారం ఉండొచ్చు. ఇలాంటి పొరపాట్లు జరిగాయి కాబట్టే విన్‌క్రిస్టిన్‌ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచీలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది. సంచీని వెన్నుపూస సూదికి తగిలించాలని ఎవరికీ తోచదు కదా.

మెథోట్రెక్సేట్ పేరు వచ్చింది కాబట్టి ఒక ముక్క. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ కేన్సర్ పిల్లలకి ఇచ్చి చూసిన అమినోప్టెరిన్, దాని వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్, రెండూ లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం చేతుల్లోంచి వచ్చినవే. ఆయన మన భీమవరంలో పుట్టినవాడు. ఫార్మకాలజీ క్లాసులో ఈ సంగతి చెబితే విద్యార్థులు ఆ మందుల పేర్లు మర్చిపోరు.

కీమో ఎక్కుతున్నంతసేపూ సూది పెట్టిన చోట కన్నేసి ఉంచాలి. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్ లాంటివి నరం దాటి బయటికి కారితే అక్కడి కండ కుళ్ళిపోతుంది. రెండేళ్ళ బిడ్డ "మంటగా ఉంది" అని చెప్పలేదు, ఏడుస్తుంది. ఆ ఏడుపు ఆకలిదా, భయమా, మందు కారుతోందా అన్నది తేల్చుకోవాలి. మాటలు రాని పిల్లల నొప్పిని ముఖం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకుంటున్నారా అన్నవి చూసి అంకెల్లో రాస్తారు. మూడేళ్ళు దాటినవాళ్ళకి నవ్వు నుంచి ఏడుపు దాకా ఆరు బొమ్మ ముఖాలు చూపించి నీది ఏది అని అడుగుతారు. ఆ ముఖాల కొలమానాన్ని అమెరికాలోని ఓక్లహామాలో తయారుచేసిన ఇద్దరిలో డోనా వాంగ్ అనే ఆవిడ నర్సే. ఇంకో సంగతి: సూది గుచ్చే ముందు "ఏమీ కాదు, నొప్పి ఉండదు" అనకండి. రెండేళ్ళకి పైగా మీ దగ్గరికే రావాల్సిన బిడ్డ మొదటి రోజే మీరు అబద్ధం చెప్తారని తెలుసుకుంటే, ఆ తర్వాత ప్రతి సూదికీ నలుగురు పట్టుకోవాలి.

అవును, రెండేళ్ళకి పైగానే. పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ కేన్సర్‌కి చికిత్స రెండు నుంచి రెండున్నరేళ్ళు నడుస్తుంది. అందులో ఎక్కువ కాలం ఇంటి దగ్గర మాత్రలే. జుట్టు మళ్ళీ వస్తుంది, బిడ్డ ఆడుకుంటుంటుంది, ఇక నయమైపోయిందనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే కూలి కుటుంబానికి ప్రభుత్వ ఆరోగ్య పథకం చికిత్స ఖర్చు భరించినా, పోయిన కూలి డబ్బులు, బస్సు చార్జీలు, నగరంలో గది అద్దె ఎవరు ఇస్తారు? మధ్యలో మానేసేవాళ్ళు అక్కడే మానేస్తారు. రావాల్సిన తేదీకి రాని బిడ్డ ఇంటికి ఫోన్ చెయ్యడం, ఉచితంగా బస ఇచ్చే సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లకో, పోషకాహారం చూసే కడిల్స్ ఫౌండేషన్‌కో కబురు పెట్టడం నర్సు పనిలో భాగమే, డ్యూటీ చార్టులో రాసి లేకపోయినా.

రాత్రి ఫోన్లూ ఉంటాయి. "సిస్టర్, ఒళ్ళు కాస్త వెచ్చబడింది, జ్వరం మాత్ర వేసి పొద్దున్నే తీసుకొస్తాం." "వద్దమ్మా, పొద్దుటి దాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి." కీమో తర్వాత తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గిన బిడ్డకి జ్వరం వచ్చిందంటే, ఆసుపత్రి గడప తొక్కిన 60 నిమిషాల్లో మొదటి యాంటీబయాటిక్ పడాలి. ఆ గంట గడియారం నడిచేది నర్సు చేతుల్లో.

ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, టీనేజర్లు కేన్సర్ బారిన పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ధనిక దేశాల్లో వాళ్ళలో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, చాలా పేద దేశాల్లో 30 శాతం లోపే. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 శాతానికి చేర్చాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఈ తేడాకి మందులు దొరక్కపోవడం ఒక్కటే కారణం కాదు. జబ్బు ఆలస్యంగా కనుక్కోవడం, ఇన్‌ఫెక్షన్లు, చికిత్స మధ్యలో మానెయ్యడం కూడా కారణాలే. చివరి రెండూ నర్సులు మార్చగలిగినవి.

ఇక దారి. ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళు నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చెయ్యొచ్చు. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ళు, దానికి ఏ గ్రూపైనా పనికొస్తుంది. రెండూ వీలైతే బీఎస్సీయే ఎంచుకోండి, తర్వాత తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. జీఎన్ఎం చేసినవాళ్ళకి రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టరై, కనీసం ఏడాది పనిచేశాక, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన ఏడాది ఆంకాలజీ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమాలో చేరొచ్చు. ముందే డిప్లొమా అని తొందరపడకుండా మామూలు పిల్లల వార్డులో కొంతకాలం చెయ్యమంటాను. ఆరు నెలల పసిబిడ్డకి నరం దొరకబుచ్చుకోవడం పుస్తకంలో నేర్చుకునేది కాదు. అబ్బాయిలూ రావచ్చు. నాన్న దగ్గర్లేని మగపిల్లలు "బ్రదర్" దగ్గర చెప్పుకునే మాటలు వేరేగా ఉంటాయి.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి, బసవతారకం, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఈ పని నేర్చుకోవడానికి పేరున్న చోట్లు. మంగళగిరి, బీబీనగర్‌తో సహా ఎయిమ్స్ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్‌సెట్ పరీక్ష ఉంటుంది. మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. అయితే అక్కడ ఏ వార్డు ఇస్తారన్నది మీ చేతిలో ఉండదు. ప్రైవేటులో జీతాలు మొదట్లో తక్కువే, ఆ మాట దాచడం దేనికి? 50 లోపు పడకలున్న ఆసుపత్రుల్లో సైతం నెలకి 20,000కి తగ్గకూడదని కేంద్రం వేసిన కమిటీ 2016లో చెప్పింది, ఇప్పటికీ కొన్నిచోట్ల దానికీ దిక్కులేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే చోట సంతకం పెట్టకండి. విదేశాలకి వెళ్ళాలనుకునేవాళ్ళకి, అమెరికాలో లైసెన్సు వచ్చాక పిల్లల కేన్సర్ నర్సులకి ప్రత్యేకంగా సీపీహెచ్‌ఓఎన్ అనే సర్టిఫికేషన్ ఉంది. మన దగ్గర పనిచేసిన అనుభవం ఆ పరీక్ష చదువులో అక్కరకొస్తుంది.

పిల్లలు చనిపోతారు. మీరు నెలల తరబడి జడలు వేసి, అన్నం తినిపించిన బిడ్డ కూడా. ఆ రోజు వేరే మంచం దగ్గర కీమో లెక్క తప్పకూడదు. కొందరికి ఇది సాధ్యం కాదు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, వేరే విభాగానికి మారండి. మరికొందరు నొప్పి తగ్గించే పాలియేటివ్ కేర్ వైపు వెళ్తారు. ఎంఎన్‌జేలో పిల్లలకీ ఆ సేవలున్నాయి. నర్సుల కోసం ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ చిన్న సర్టిఫికెట్ కోర్సు నడుపుతుంది.

ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగేవి అయ్యాక మీరు అడగాల్సినవి ఉన్నాయి. పిల్లల కేన్సర్ వైద్యానికి సంబంధించిన అంతర్జాతీయ సంఘం సియోప్ ప్రమాణాల ప్రకారం వార్డులో ఐదుగురు పిల్లలకి ఒక నర్సు, ఐసీయూలో, మూలకణ మార్పిడిలో ఇద్దరికి ఒకరు ఉండాలి. కొత్తవాళ్ళకి రెండు వారాల పాఠాలు, ఆ తర్వాత మూడు నాలుగు వారాలు సీనియర్ పక్కన పని నేర్పాలి. శిక్షణ ఇచ్చిన నర్సుని ఇష్టానుసారం వేరే వార్డుకి తిప్పెయ్యకూడదు. మీ దగ్గర ఇవి ఎలా ఉన్నాయని అడగండి. కీమో కలపడానికి ప్రత్యేకమైన గాలి వడపోత క్యాబినెట్ ఉందా, రెండు జతల గ్లౌజులు, గౌను ఇస్తారా, గర్భిణిగా ఉన్నప్పుడు ఆ మందులు ముట్టనక్కర్లేని డ్యూటీ వేస్తారా అని కూడా అడగండి. ఈ ప్రశ్నలకి చిరాకు పడే ఆసుపత్రిలో "సర్, ఈ డోసు ఒక్కసారి చూస్తారా" అన్నా చిరాకే పడతారు.