కవరు: ఒక మాట, రెండు వస్తువులు

కూరలు కొన్నవారు "ఒక కవరు ఇవ్వండి" అని అడుగుతారు. దుకాణదారు పలుచని ప్లాస్టిక్ సంచిని అందిస్తాడు. నిత్యవ్యవహారంలో కలిసిపోయిన ఈ మాటకు ఆసక్తికరమైన చరిత్ర ఉన్నది.

"పూర్తిగా కప్పుట" అనే అర్థంగల లాటిన్ క్రియ ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో ప్రవేశించి "కవర్" అయినది. మన దేశంలో అది తపాలాతో ముడిపడి, ఉత్తరాన్ని మూసి పంపే కాగితపు తొడుగుకు పేరైనది. లోపలి వస్తువును కప్పి ఉంచే పలుచని తొడుగు అనే పోలిక వల్ల ప్లాస్టిక్ సంచికి కూడ ఆ పేరే సంక్రమించింది. తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలలోను ఈ వాడుక వినవస్తుంది.

వస్తువు మాత్రం ఇటీవలిదే. పాలిథిన్ 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో అనుకోకుండా లభించింది. నేటి పిడుల సంచికి స్వీడన్ దేశీయుడు స్టెన్ గుస్టాఫ్ థులిన్ రూపకల్పన చేయగా, 1965లో అమెరికాలో పేటెంటు వచ్చింది.

ఈ కొత్త వస్తువుకు ఇరుగుపొరుగు భాషలు తమ తమ రీతిలో పేర్లు పెట్టుకున్నవి. హిందీలో దీనిని "పన్నీ" అంటారు. అది పూర్వం మెరిసే పలుచని లోహపు రేకుకు పేరు. పాకిస్తాన్‌లో ఇది "షాపర్". ఇంగ్లీషులో సాధారణంగా కొనుగోలుదారును తెలిపే మాట అక్కడ సంచిని తెలుపుతున్నది. శ్రీలంకలో సింహళీయులు దీనిని "సిలి సిలి" సంచి అంటారు. అది చేసే గలగల ధ్వనియే పేరైనది. ఒక భాష రూపాన్ని గ్రహించింది, మరొకటి ప్రయోజనాన్ని, వేరొకటి శబ్దాన్ని.

అయితే ఈ పేర్లలో దేనిలోను ప్లాస్టిక్ అనే సూచన లేదు. ఉత్తరపు కవరు కొంతకాలానికి మట్టిలో కలిసిపోతుంది; బజారు కవరు తరాలు గడచినా నిలిచి, మురుగు కాలువలకు అడ్డుపడుతుంది, పశువుల కడుపులో చేరుతుంది. పేరు ఒక్కటే కావడం వల్ల ఈ భేదం మరుగున పడుతున్నది. బంగ్లాదేశ్ 2002లో పలుచని పాలిథిన్ సంచులను నిషేధించింది. మన దేశంలో 120 మైక్రాన్లకన్న పలుచని ప్లాస్టిక్ చేతిసంచులపై 2022 డిసెంబరు 31 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. చట్టం మైక్రాన్లలో మాట్లాడుతుంది. బజారు "కవరు" అంటుంది. నిషేధించినది తాను రోజూ అడిగే కవరునే అని పౌరుడు గ్రహించినప్పుడే శాసనం సార్థకమవుతుంది.

తెలుగు, కన్నడ, మలయాళ భాషలు మూడింటిలోను "సంచి" అనే పాత మాట నేటికీ సజీవంగా ఉన్నది. బజారుకు వెళ్ళేవారి చేతిలో ఆ వస్తువు కూడ ఉంటే, కవరు అడుగవలసిన అవసరమే ఉండదు.