అమెరికాలో అమ్మానాన్నలకు మెడికేర్ ఎప్పుడు?

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు 65 ఏళ్లు నిండడం ఒక్కటే చాలదు. తాను గానీ జీవిత భాగస్వామి గానీ అమెరికాలో సుమారు పదేళ్లు పనిచేసి, పన్ను కట్టి, 40 క్రెడిట్లు కూడబెట్టి ఉంటే ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ప్రీమియం లేకుండా వస్తుంది. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు చిక్కంతా ఇక్కడే. కొడుకు ఎంత పన్ను కట్టినా ఆ క్రెడిట్లు వాళ్ల ఖాతాలో పడవు. గ్రీన్‌కార్డు ఉండి, వరుసగా ఐదేళ్లు అక్కడే నివసించాక, నెలనెలా డబ్బు కట్టి చేరవచ్చు. విజిటర్ వీసాకు ఆ దారీ లేదు.

చేరే గడువు ఏడు నెలలు: అర్హత వచ్చే నెల, ముందు మూడు, వెనక మూడు. ఆగస్టు 20న 65 నిండి, తక్కిన అర్హతలన్నీ అప్పటికే ఉన్నవారికి మే నుంచి నవంబరు దాకా. దరఖాస్తు సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి. ఉద్యోగం తాలూకు బీమా లేకుండా ఆలస్యం చేస్తే, డాక్టరు ఫీజులు చూసే పార్ట్ బి ప్రీమియం ప్రతి పూర్తి 12 నెలలకూ 10 శాతం చొప్పున పెరుగుతుంది. ఆ జరిమానా చాలామందిని జీవితాంతం వదలదు.

వైకల్యం ఉన్నవారికి వయసుతో పని లేదు. సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతికి అర్హత వచ్చి 24 నెలలు గడిచాక, సాధారణంగా కార్డు దానంతటదే ఇంటికొస్తుంది. ఏఎల్ఎస్ అనే నరాల వ్యాధి ఉన్నవారికి ఆ నిరీక్షణ కూడా ఉండదు.