ఆ ఇద్దరు కుమారులు ఎవరి బిడ్డలు?

ఈ నెల వేదపాఠము
చదువవలసిన భాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13, మార్కు 9:33–37
కంఠస్థము చేయవలసిన వచనము: యాకోబు 1:27



ఎలీషా కాలమునందు విధవరాలి ఇంట నూనె పొంగిన సంగతి మనమందరము చిన్ననాటినుండి ఎరిగినదే. సండే స్కూలులో పటము చూపి, “నూనె ఎప్పుడు ఆగిపోయెను?” అని పిల్లలను అడుగుదుము. “పాత్రలు అయిపోయినప్పుడు” అని వారు ఒక్క గొంతుతో చెప్పుదురు. పాఠము ముగియును. అయితే ఆ వృత్తాంతము నూనెతో మొదలు కాలేదు, అప్పుతో మొదలైనది. ఈ నెల మనము నూనెను కొంచెము ప్రక్కన పెట్టి, ఆ ఇంటిలోని ఇద్దరు పిల్లలను చూతము.

1. ఆ ఇంటి సంగతి

ఆ స్త్రీ భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు. దైవభక్తి గలవాడని అతని భార్యయే ఎలీషాతో చెప్పినది. అంత భక్తిగలవాడు చనిపోయినప్పుడు ఇంటిలో మిగిలినవి మూడు: ఒక చిన్న కుండెడు నూనె, తీరని అప్పు, తండ్రిలేని ఇద్దరు కుమారులు. అప్పిచ్చినవాడు వచ్చి వాకిట నిలిచెను. పొలము లేదు, పశువులు లేవు గనుక పిల్లలనే అడిగెను. వారిని దాసులుగా పెట్టుకొని, వారి రెక్కల కష్టముతో తన సొమ్ము రాబట్టుకొనవలెనని అతని యోచన.

ధర్మశాస్త్రము ఇట్టివారికొరకు ముందే ఏర్పాటు చేసియున్నది. విధవరాలిని, తండ్రిలేనివానిని బాధపెట్టరాదని నిర్గమకాండము 22వ అధ్యాయములో ఉన్నది. పొలములో మరచిన పనను తిరిగి తెచ్చుకొనక, పరదేశికిని తండ్రిలేనివారికిని విధవరాలికిని విడిచిపెట్టవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఉన్నది. చట్టము ఉన్నది, దానిని చదువువారు ఉన్నారు, ప్రవక్తల సమాజము కూడ ఉన్నది. అయినను అప్పులవాడు వాకిటికి వచ్చువరకు ఆ ఇంటివైపు ఎవరైనను వచ్చినట్లు అక్కడ వ్రాయబడలేదు. ఆ తల్లియే మొఱ్ఱపెట్టుకొనుచు బయలుదేరవలసి వచ్చెను.

2. మా మధ్య జరిగినది

ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్నది. అయినను వ్రాయక తప్పదు. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక కూలివాడు జబ్బుచేసి చనిపోయెను. భార్య, పదకొండేండ్ల కుమారుడు, చిన్న ఆడపిల్ల మిగిలిరి. సమాధి కార్యక్రమము సక్రమముగా జరిపించితిమి. తరువాత జ్ఞాపకార్థ కూడిక పెట్టిరి. షామియానా వేసిరి, మైకు తెచ్చిరి. ఊరి సంఘస్థులును చుట్టుప్రక్కల సంఘములవారును వచ్చిరి. మాంసముతో భోజనము పెట్టిరి. మేమందరము తిని, ఆ కుటుంబము కొరకు ప్రార్థన చేసి, ఇండ్లకు వచ్చితిమి.

అటుతరువాత ఆ పిల్లవాడు సండే స్కూలుకు రాలేదు. రిజిస్టరులో వరుసగా ఆరు వారములు అతని పేరునకు ఎదురుగా గైర్హాజరు గుర్తు పడెను. గుర్తు పెట్టినది మా చేయియే. ఆరు వారములు పెట్టితిమిగాని, ఒక్కనాడును ఆ ఇంటికి నడిచి పోలేదు. ఏడవ ఆదివారము అతని చెల్లెలు, “అన్న గొఱ్ఱెల కాడికి పోయిండు, ఇగ రాడంట” అని చెప్పినది.

విచారింపగా సంగతి తెలిసెను. ఆ కూడిక భోజనమునకు తల్లి ఇరువది వేలు అప్పు చేసినది. అది తీరువరకు కొడుకును మందకు జీతము పెట్టినది. మేము తిన్న అన్నమునకు ఆ బిడ్డ వెల చెల్లించుచుండెను. అప్పిచ్చినవాడు పరాయివాడు కాడు. మన చందా పుస్తకములో పేరు గలవాడే, కోతపండుగనాడు ముందుగా బస్తా ధాన్యము తెచ్చువాడే.

3. నెహెమ్యా ఏమి చేసెను?

యెరూషలేము గోడ కట్టుచున్న దినములలో జనులు నెహెమ్యా యొద్దకు వచ్చి మొఱ్ఱపెట్టిరి. శత్రువుల మీద కాదు, స్వజనుల మీదనే. కరువులో ధాన్యమునకై పొలములు కుదువపెట్టిరి. పన్ను కట్టుటకు అప్పు తెచ్చిరి. చివరకు కుమారులను కుమార్తెలను దాసత్వమునకు అప్పగించవలసి వచ్చెను. గోడ ఒక ప్రక్క లేచుచుండగా, ఇండ్లు ఇంకొక ప్రక్క కూలుచుండెను.

ఇక్కడ రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, నెహెమ్యా ఈ మాటను చాటున మాటలాడలేదు. సమాజమును కూర్చి, అందరి యెదుట ప్రధానులను గద్దించెను. రెండవది, తానును తన బంధువులును కూడ అప్పిచ్చినవారమేయని ఒప్పుకొనెను. తన్ను విడిచి ఇతరులను గద్దింపలేదు. అందుచేతనే ఆ దినము పొలములు, తోటలు, ఇండ్లు తిరిగి ఇచ్చుటకు వారు ఒప్పుకొనిరని మేము తలంచుచున్నాము.

మా పెద్దలు ముగ్గురు, బడి ఉపాధ్యాయుడు ఒకరు ఆ ఇంటికి పోయిరి. “అప్పు తీర్చి పిల్లవాని తీసికొనిపొండి” అని ఆయన కోపముగా చెప్పెను. ఉపాధ్యాయుడు నెమ్మదిగా చట్టము వివరించెను. అప్పు క్రింద మనిషిని వెట్టికి పెట్టుకొనుట 1976వ సంవత్సరపు చట్టమునుబట్టి నేరము. అట్టి అప్పు తీర్చవలసిన బాధ్యత కూడ ఆ చట్టముచేతనే రద్దగును. 2016లో సవరించిన బాల కార్మిక చట్టమునుబట్టి 14 ఏండ్లలోపు బిడ్డను ఏ పనికిని కుదుర్చుకొనరాదు. బడి వేళల తరువాత సొంత కుటుంబమునకు సాయపడుట వంటివి మాత్రమే మినహాయింపు. మా పెద్దలలో ఒకరు ఇంకొక మాట చెప్పిరి: “అన్నా, నీ ఒక్కని తప్పు కాదు. ఆ బువ్వ మేమందరము తింటిమి.” ఆ మాటకు ఆయన తల వంచుకొనెను. మరునాడు తహసీల్దారు గారికి సంగతి తెలిపితిమి. పిల్లవాడు ఇంటికి వచ్చెను. ఆ సహోదరుడు రెండు నెలలు ఆరాధనకు రాలేదు; తరువాత వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. పిల్లవాడును చాల కాలము వెనుకనే కూర్చుండెను. పాటలు పాడెడివాడు కాడు. బిడ్డను ఇంటికి తెచ్చుట ఒక దినపు పని. బిడ్డ నోట పాట తిరిగి వచ్చుటకు సంవత్సరము పట్టెను.

4. వట్టి పాత్రలు

ఇప్పుడు ఎలీషా మాటకు తిరిగి వత్తము. నీ ఇంట ఏమి యున్నదని ఆమెను అడిగెను. ఇరుగుపొరుగువారందరి యొద్ద వట్టి పాత్రలు ఎరువు తెమ్మని చెప్పెను; కొన్ని మాత్రమే కాదు, అనేకము తెమ్మనెను. పొరుగువారు నూనె ఇచ్చినట్లు వ్రాయబడలేదు. వారి యొద్దను నూనె లేదేమో! వారు ఇచ్చినవి వట్టి కుండలు, గిన్నెలు. దేవుడు నూనె ఇచ్చెను, పొరుగువారు పాత్రలు ఇచ్చిరి, పిల్లలు అందించిరి, తల్లి పోసెను. పాత్రలు ఎన్ని వచ్చెనో నూనె అంత వచ్చెను.

“మాది బీద సంఘము, మేము ఏమి చేయగలము?” అని మనము అనుచుందుము. దేవుడు మన యొద్ద లేని నూనెను అడుగుటలేదు. ఉన్న పాత్రను అడుగుచున్నాడు. పిడికెడు బియ్యపు కుండ ఒక పాత్ర. పొయ్యి మీద ఎసరు పెట్టునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచుట మన తల్లులు నేర్పిన మంచి అలవాటు. అందులో ఒక భాగము తండ్రిలేని ఇండ్లకు పోవునట్లు స్త్రీల సమాజము తీర్మానించుకొనవచ్చును. చదువుకొన్న యౌవనస్థుని చేతి కలము ఒక పాత్ర: విధవ పింఛనుకు, రేషను కార్డుకు దరఖాస్తు వ్రాసి, ఆ తల్లితో కూడ ఆఫీసుకు పోవచ్చును. సాయంకాలమున దీపము క్రింద నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పుట ఒక పాత్ర. ఎవరి వాకిలి వారు మూసికొన్నచోట నూనె ఆగిపోవును.

5. తల్లి యొద్దనుండి బిడ్డను వేరుచేయకుడి

ఎలీషా చేయని పని ఒకటి కలదు. ఆ పిల్లలను తనతో పంపుమని ఆయన అడుగలేదు. అప్పు తీర్చి, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడని చెప్పి, ఆ కుటుంబమును ఒక్కటిగా నిలిపెను.

దిక్కులేని బిడ్డలకు ఆశ్రయము కట్టినవారిని మనము కృతజ్ఞతతో తలంచుకొందుము. జార్జి ముల్లరు 1836లో ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున అనాథశాల ప్రారంభించి, 1898లో చనిపోవునప్పటికి పదివేలకు పైగా పిల్లలను పోషించెను. ఆయన భార్య అన్నయగు గ్రోవ్సుతో కలిసి 1836లో మన దేశమునకు వచ్చిన బౌడెను, బీరు అను దంపతులే గోదావరి డెల్టాలో సువార్తపని ప్రారంభించిరి. పండిత రమాబాయి యౌవనములో కరువు వలన తలిదండ్రులను పోగొట్టుకొనినది. 1896–97 కరువులో ఆమె మధ్యపరగణాలకు పోయి, దిక్కులేని బాలికలను, విధవలను తెచ్చి, పూనా దగ్గర కేడ్గామునందలి ముక్తి సదనములో చేర్చుకొనినది. ఆకలి ఎరిగిన స్త్రీ ఆకలిగొన్నవారిని వెదకుచు పోయినది.

అయితే ఆ ఆశ్రయములు దిక్కులేనివారి కొరకు. తల్లి బ్రదికియుండగా, బీదతనము ఒక్కటే కారణముగా, బిడ్డను “అనాథ” యని వ్రాయించి దూరపు హోములకు పంపుట ప్రేమ కాదు. మంచి బోర్డింగులలో చదివి పైకి వచ్చినవారు మనలో అనేకులు కలరు. చదువు కొరకు పంపుట వేరు, బరువు దించుకొనుటకు పంపుట వేరు. నిరాధారులైన పిల్లలను ఉంచుకొను ప్రతి సంస్థయు 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము క్రింద రిజిస్టరు కావలెను. ఆ పత్రము చూడకుండ, భక్తిగా మాటలాడినారని మాత్రమే ఎవరి చేతికిని బిడ్డను అప్పగింపకుడి. దిక్కులేని బిడ్డ కనబడినను, బిడ్డ ఆపదలో ఉన్నను 1098 నంబరుకు ఫోను చేయవచ్చును.

6. మధ్య నిలువబెట్టబడిన బిడ్డ

కపెర్నహూముకు వచ్చు మార్గమున శిష్యులు ఎవరు గొప్ప అని వాదించుకొనిరి. ప్రభువు ఒక చిన్న బిడ్డను తీసికొని వారి మధ్య నిలువబెట్టి, ఎత్తి కౌగిలించుకొనెను. అట్టి బిడ్డను చేర్చుకొనుట తన్ను చేర్చుకొనుటయేయని చెప్పెను. మన కమిటీ కూటములలో ముందు కుర్చీ ఎవరిది, వేదిక మీద ఎవరు కూర్చుండవలెను అను వాదములు ఎన్ని గంటలు జరుగుచున్నవి! ఆ కూటము మధ్య ఒక బిడ్డను నిలువబెట్టినయెడల మన మాటలు మారును.

మా సంఘము ఆ సంగతి తరువాత కొన్ని తీర్మానములు చేసికొనినది. ఇతర సంఘములకును ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

ఒకటి: సండే స్కూలునకు బిడ్డ వరుసగా రెండు వారములు రానియెడల, మూడవ ఆదివారమునకు ముందు ఒకరు ఆ ఇంటికి పోవలెను.

రెండు: చావు జరిగిన ఇంట అప్పుచేసి విందు పెట్టరాదు. జ్ఞాపకార్థ కూడికనాడు ఆ ఇంటివారికే సంఘము వండి తీసికొనిపోవలెను. పెద్దల ఇండ్లలో ఇది మొదట జరుగవలెను. లేనియెడల బీదలు సిగ్గుపడి మరల అప్పు చేయుదురు.

మూడు: ఆడపిల్లకు 18 ఏండ్లు నిండక వివాహము జరిపింపరాదు. తండ్రిలేని పిల్లయని తొందరపడి బరువు దించుకొన చూచు బంధువులకు మన పెద్దలే అడ్డుపడవలెను.

నాలుగు: బిడ్డ మీద ఎవరైనను చెడు చేయి వేసినట్లు తెలిసినయెడల, వాడు ఎంత పేరుగలవాడైనను, సంఘమునకు అపకీర్తి అని దాచరాదు. 2012వ సంవత్సరపు పోక్సో చట్టమునుబట్టి తెలిసినవారు పోలీసులకు తెలుపవలెను. దాచుటయే నిజమైన అపకీర్తి.

ప్రియులారా, యాకోబు వ్రాసిన పత్రికలో దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను పరామర్శించుట నిష్కళంకమైన భక్తియని చెప్పబడినది. పరామర్శించుట అనగా గడప దాటి లోపలికి పోయి, కుండలో బియ్యము ఉన్నవో లేవో చూచుట. ఆ ఇద్దరు కుమారులు ఎవరి బిడ్డలు? విధవరాలి బిడ్డలని గ్రంథము చెప్పుచున్నది. వారు మన బిడ్డలని మన నడవడి చెప్పునుగాక.

కూటములో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో తండ్రియైనను తల్లియైనను లేని పిల్లలు ఎందరు? వారి పేర్లు మనకు తెలియునా?
2. బడి మాని పనికి పోవుచున్న బిడ్డ మన పేటలో ఎవరు? కారణమేమి?
3. గడచిన సంవత్సరము మనము భుజించిన జ్ఞాపకార్థ భోజనములలో అప్పుచేసి పెట్టినవి ఎన్ని?
4. మన ఇంట ఉన్న వట్టి పాత్ర ఏది?

ప్రార్థన: తండ్రిలేనివారికి తండ్రివైన దేవా, మేము గుర్తు పెట్టి విడిచిన పేర్లను నీవు విడువలేదు. మా కాళ్లను ఆ ఇండ్ల వైపునకు నడిపించుము. మేము తిన్నదానిని, మేము చూడనిదానిని క్షమించుము. నీ నూనెకు మా పాత్రలను తెచ్చు మనస్సు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.